ఆరూ ముప్పై నాలుగు

గోల్ఫ్ మైదానంలో మొదటి గుంట దగ్గర ఒక చెక్క గది ఉంది. లేచి నిలబడితే తల తగిలేంత కప్పు. ఒక కిటికీ, ఒక కుర్చీ, ఒక బల్ల, గోడకు ఒక గడియారం. ఆ గదిలో తొమ్మిదేళ్ళుగా కూర్చునే మనిషిని అందరూ గడియారం అనే పిలిచేవారు. గోడ మీది గడియారం ఆగిపోయిన రోజులున్నాయి. కుర్చీలోని గడియారం ఆగిన రోజు లేదు.

అంతకుముందు ఇరవయ్యారేళ్ళు బస్సు డిపోలో టైమ్‌కీపరు. బస్సు లోపలికి వచ్చిన వేళ, బయటికి వెళ్ళిన వేళ రాయడం పని. రాసిన వేళకు ఒక నిమిషం ముందు బస్సు కదిలితే గేటు దగ్గరికి పరుగెత్తి ఆపేవాడు. తన పెళ్ళినాడు కూడా పొద్దున డ్యూటీ చేసి, చీటీ అప్పగించి, ఆ తర్వాతే వెళ్ళాడని చెప్పుకునేవారు. అది అబద్ధం. కానీ అతను కాదనలేదు.

డిపో నుంచి రిటైరయ్యాక ఈ పని దొరికింది. పని పెద్దగా మారలేదు. బస్సుల బదులు మనుషులు.

నలుగురు ఒక గుంపు. ఎనిమిది నిమిషాలకు ఒక గుంపు బయల్దేరాలి. జెండా పాతిన గుంటలు పద్ధెనిమిది. అన్నిట్లోనూ బంతి వేసుకుంటూ నాలుగుంపావు గంటల్లో తిరిగి రావాలి. ఒక గుంపు ఆలస్యం చేస్తే వెనకవాళ్ళంతా ఎండలో నిలబడాలి. నిలబడ్డవాళ్ళకు కోపం వస్తుంది. ఆ కోపానికి ఒక పేరు చెప్పడం అతని ఉద్యోగంలో సగం.

నెమ్మదిగా ఆడతానని ఒప్పుకున్న ఆటగాణ్ణి అతను ఒక్కణ్ణి కూడా చూడలేదు. ఆలస్యం ఎప్పుడూ ముందు వాళ్ళదే. చెట్ల మధ్య మెలికలు తిరిగే మైదానం అది. ఏ గుంపుకైనా ముందు గుంపు వీపులు తప్ప ఇంకేమీ కనబడవు. మొత్తం కనబడేది గుంపుల వేళలు రాసే చీటీలో ఒక్కచోటే. ఆ చీటీ అతని చేతిలో ఉంటుంది. పొద్దున పెన్సిలుతో రాస్తాడు. మధ్యలో ఎవరైనా మానుకుంటే, వాన పడితే, చెరిపి దిద్దుతాడు. సాయంత్రం అదే పెన్సిలు గీతల మీద పెన్నుతో రాస్తాడు. పెన్ను పడ్డాక ఇక మార్పు లేదు. ఈ పద్ధతి డిపో నుంచి తెచ్చుకున్నదే.

అతని లెక్కలో అందరికంటే నెమ్మదైన మనిషి పళ్ళ డాక్టరు.

డాక్టరుకు అరవై ఎనిమిదేళ్ళు. బజారు వీధిలో మేడ మీద ఒక గది, అందులో ఒక కుర్చీ. ఇప్పటికీ పూటకు నలుగురైదుగురికి పళ్ళు చూస్తారు. పదకొండేళ్ళుగా శనివారం పొద్దున ముగ్గురు స్నేహితులతో ఆడుతున్నారు. ఆ ముగ్గురిలో ఒకరు బట్టల కొట్టు ఆసామి, ఒకరు రిటైరైన లెక్కల మేష్టారు, ఒకరు డాక్టరుగారికి వేలు విడిచిన బావ.

ఆటలో డాక్టరు మరీ నెమ్మదేమీ కాదు. బంతి ముందు నిలబడ్డాక చప్పున కొట్టేస్తారు. ఆలస్యమంతా ఆ తర్వాత. బంతిని కొట్టినప్పుడు కర్ర తగిలి అరచేతంత గడ్డి పెళ్ళ లేచి దూరంగా పడుతుంది. దాన్ని తెచ్చి మళ్ళీ దాని గుంటలో పెట్టి కాలితో అదమాలని నియమం. ఎవరూ చెయ్యరు. డాక్టరు చేస్తారు. తనవే కాదు, దారిలో కనబడిన ఎవరి పెళ్ళయినా సరే. వంగి, దులిపి, అంచులు సరిచూసి, వేలితో నొక్కి, లేచి చూసి, నచ్చకపోతే మళ్ళీ వంగేవారు.

"గడ్డికి కూడా పళ్ళు కడుతున్నాడయ్యా ఈయన," అనేవాడు రేడియో.

రేడియో ఆటగాళ్ళ సంచులు మోసేవాడు. నలభై దాటిన మనిషి. నోరు మూతపడదు కాబట్టి ఆ పేరు.

గడియారం ఒకసారి దూరం నుంచి కొలిచాడు. ఒక్కో పెళ్ళకు పన్నెండు సెకన్లు. పద్ధెనిమిది గుంటలకూ కలిపి పదకొండు నిమిషాలు. చెప్పుకోదగ్గ ఆలస్యం కాదు. అయినా మైదానమంతా డాక్టరుకు తాబేలని పేరు పడిపోయింది. పేరు పడ్డాక కొలిచేదెవరు?

*

ఆ శనివారం పొద్దున ఆరున్నరకు ఇంకా ఐదు నిమిషాలున్నాయనగా గదిలో ఫోను మోగింది. క్లబ్బు సెక్రటరీ.

"ఏమండీ, మా బావమరిది వచ్చాడు. వాళ్ళ ఆఫీసు వాళ్ళు ఇంకో ముగ్గురు. పొద్దున్నే ఆడి పోవాలట. ఎక్కడో ఒక చోట దూర్చండి."

"అన్నీ నిండిపోయాయండి. పదకొండు దాకా ఖాళీ లేదు."

"ఖాళీ ఉంటే మిమ్మల్నెందుకు అడుగుతాను? మీరు తలుచుకుంటే ఎంతసేపు? ఒక్కసారికి. మా ఇంట్లో నా పరువు నిలబెట్టండి."

డిపోలో అయితే కాదనేవాడు. డిపోలో అతని వెనక ఒక చట్టం ఉండేది. ఇక్కడ ఏడాదికోసారి సెక్రటరీ సంతకం ఉంటేనే కుర్చీ. అది గుర్తొచ్చిందో, పరువన్న మాట పనిచేసిందో, సరేనన్నాడు.

మొదటి గుంపు ఆరున్నరకు వెళ్ళింది. రెండోది ఆరూ ముప్పై ఎనిమిదికి వెళ్ళాలి. మధ్యలో, ఆరూ ముప్పై నాలుగుకు, బావమరిది గుంపును పంపాడు. చీటీలో గడి లేదు కాబట్టి రాయలేదు.

వాళ్ళకు ఆట రాదని మొదటి దెబ్బకే తెలిసిపోయింది. ఒకడు గాలిని కొట్టాడు. ఒకడి బంతి కాళ్ళ దగ్గరే ఆడుకుంది. మూడోవాడు ఫోనులో ఫొటోలు తీస్తున్నాడు. గడియారం కిటికీలోంచి చూశాడు. అప్పటికీ పిలిచి వెనక్కి రమ్మనవచ్చు. రమ్మనలేదు.

ఎనిమిదింటికల్లా మైదానం బిగుసుకుపోయింది. రెండో గుంపు ఆ కొత్తవాళ్ళ వెనక నిలబడింది. దాని వెనక మూడోది. దాని వెనక నాలుగోది. ఐదోది డాక్టరుగారిది. ఆరోది క్లబ్బు అధ్యక్షుడిది. ఎవరికి వాళ్ళకు ముందు వాళ్ళ వీపులే కనబడుతున్నాయి. తొమ్మిది గుంటలకే అలిసిపోయి బావమరిది గుంపు పక్కదారిన బయటికి నడిచి, కారెక్కి వెళ్ళిపోయింది. అడ్డం తొలగింది గానీ ఆలస్యం తొలగలేదు. చివరిదాకా అలాగే ఈడ్చుకొచ్చింది.

అధ్యక్షుడు మధ్యాహ్నం పన్నెండు దాటాక వచ్చి కిటికీ ముందు నిలబడ్డాడు. మెడ మీద చెమట, చేతిలో టోపీ.

"ఐదు గంటలు పట్టిందయ్యా! ఎవరు దీనికి?"

గడియారం నోట్లో మాట సిద్ధంగా ఉన్నట్టు వచ్చేసింది.

"మీ ముందు డాక్టరుగారి గుంపు కదండి. మామూలే."

"నేననుకుంటూనే ఉన్నా. ప్రతి గుంట దగ్గరా నిలబడే ఉన్నారు. ఆ మనిషి వంగుతూనే ఉన్నాడు. రాశారా?"

"రాస్తానండి."

ఆ నెల నుంచే కొత్త నియమం వచ్చింది. పావుగంటకు మించి ఆలస్యం చేసిన గుంపులో కారకుడైన మనిషికి మూడు నెలలు శనివారం ఆట ఉండదు. ఆ నియమం కోసం పట్టుబట్టింది అధ్యక్షుడే.

సాయంత్రం గడియారం పెన్ను తీశాడు. రెండు, మూడు, నాలుగు గుంపులు వేళకే సగం దాటినట్టు పెన్సిలు గీతలు దిద్దాడు. ఐదో దాని ఎదురుగా రాశాడు: ఆలస్యం, నలభై నిమిషాలు, పళ్ళ డాక్టరు. దాని మీద సిరా పోనిచ్చాడు. అక్షరాలు ఎప్పటిలాగే గుండ్రంగా వచ్చాయి. ఆ సంగతే తర్వాత అతన్ని ఎక్కువగా బాధపెట్టింది.

తాళం వేస్తుంటే డాక్టరుగారు వచ్చారు. సంచి భుజాన ఉంది. మధ్యాహ్నమే ఇంటికి పోవలసిన మనిషి, ఇందుకోసమే ఆగినట్టున్నారు.

"మీకు నా వల్ల మాట వచ్చిందట," అన్నారు. "అధ్యక్షులవారు గట్టిగా అడిగారటగా. క్షమించండి. వయసు మీద పడుతోంది, నాకే తెలియడం లేదు."

"అయ్యో, అదేం లేదండి."

"ముందు వాళ్ళు కూడా నిలబడి ఉన్నట్టే అనిపించింది. మరి మా వాళ్ళు అంటున్నారూ, నేను వంగినప్పుడు వాళ్ళు కదిలి ఉంటారట." సంచి భుజం మార్చుకున్నారు. "అయి ఉండొచ్చు. వంగినవాడికి ముందేం జరుగుతోందో ఏం తెలుస్తుంది?"

గడియారం తాళం చెవి రెండోసారి తిప్పాడు. మొదటిసారే పడింది తాళం.

*

బుధవారం కమిటీ కూర్చుంది. గడియారాన్ని పిలిచారు. చీటీ చూపించి, ఇది మీ రాతేనా అన్నారు.

"నాదేనండి."

"ఇందులో ఉన్నదే జరిగిందా?"

సెక్రటరీ బల్ల చివర కూర్చుని పెన్ను మూత తీస్తూ, పెడుతూ ఉన్నాడు. తల ఎత్తలేదు.

"చీటీలో ఏముంటే అదేనండి," అన్నాడు గడియారం.

డిపోలో ఇరవయ్యారేళ్ళు ఈ మాట అన్నాడు. అన్నిసార్లూ నిజమే అయింది. ఆ అలవాటు మీద నమ్మకంతోనే అబద్ధం ఈసారి దాటిపోయింది.

డాక్టరుకు మూడు నెలలు శనివారం ఆట లేదని మర్నాడు నోటీసు గోడకెక్కింది. రెండో గుంపులో ఆడినవాళ్ళు దాన్ని చదివారు. వాళ్ళకు తమ ముందు ఎవరున్నారో తెలుసు. వాళ్ళూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని, మనకెందుకొచ్చిన గొడవని వెళ్ళిపోయారు.

శనివారం ఏడూ రెండుకు ముగ్గురే రావాలి. నలుగురు వచ్చారు. నాలుగోవాడు ఇన్సూరెన్సు ఏజెంటు. బంతి ఆగకముందే దాని వెనక పరుగెత్తే రకం. డాక్టరుగారి బావ సంతోషంగా చెయ్యి ఊపాడు.

"చూడండి గడియారం గారూ, ఇవాళ నాలుగు గంటల్లో వచ్చేస్తాం. ఇంత తొందరగా ఎందుకొచ్చారంటే మా ఆవిడకి ఏం చెప్పాలో ఆలోచించుకోవాలి!"

నాలుగు గంటల్లో వచ్చారు. వాళ్ళు నడిచిన దారి పొడవునా గడ్డి పెళ్ళలు తిరగబడి ఎండుతున్నాయి.

*

శనివారం పోయింది గానీ మిగతా రోజులు డాక్టరుకు ఉన్నాయి. మంగళవారం మధ్యాహ్నం మైదానం దాదాపు ఖాళీగా ఉంటుంది. ఆయన ఒంటరిగా వచ్చారు. రేడియో సంచి తీసుకున్నాడు.

గడియారం గదిలోంచి చూశాడు. డాక్టరు బంతి పెట్టారు, కొట్టారు, వెంటనే వెనక్కి తిరిగి చూశారు. వెనక ఎవరూ లేరు. గబగబా నడిచారు. మళ్ళీ కొట్టారు. గడ్డి పెళ్ళ ఎగిరి అంత దూరాన పడింది. ఆయన దాని వైపు ఒక అడుగు వేశారు. ఆగారు. వెనక్కి చూశారు. దాన్ని అక్కడే వదిలేసి ముందుకు వెళ్ళిపోయారు.

పద్ధెనిమిది గుంటలూ రెండుంపావు గంటల్లో ముగించారు. కిటికీ దగ్గరికి వచ్చినప్పుడు ఆయనకు ఆయాసంగా ఉంది.

"ఎంత పట్టిందండీ?" అని అడిగారు.

గడియారం చెప్పాడు.

"ఫరవాలేదా?"

ఒంటరిగా ఆడేవాడికి వేళ నియమం లేదు. ఎంతసేపు ఆడినా అడిగేవాడు లేడు. గడియారం ఆ మాట చెప్పబోయాడు. చెబితే ఇంకో మాట కూడా చెప్పాలి. "బాగుందండి," అన్నాడు.

ఆయన మొహం తేలికపడింది. పరీక్ష గట్టెక్కినట్టు నవ్వి వెళ్ళిపోయారు.

రేడియో సంచి దించి గది మెట్టు మీద కూర్చున్నాడు.

"మనిషిని బాగు చేశారండీ," అన్నాడు. "తాబేలు కాస్తా కుందేలైపోయింది. పద్ధెనిమిది గుంటల్లో నాతో పద్ధెనిమిది మాటలు మాట్లాడలేదు. నా జన్మలో ఇంత ప్రశాంతత లేదనుకోండి."

"పని చూసుకో."

"చూసుకుంటూనే ఉన్నా. ఆ వేళ కూడా చూసుకున్నా. రెండో గుంపులో సంచి మోసింది నేనే కదండీ." చెవిలో వేలు పెట్టి తిప్పుకున్నాడు. "మా ముందు ఎవరో నలుగురు గాలితో కుస్తీ పట్టారు. వాళ్ళు ఏ గడిలో ఉన్నారో చీటీలో వెతుకుదామనుకున్నా. నాకు చదువు రాదనుకోండి."

"రేడియో."

"నేనేం అనలేదండీ. రేడియో మాట ఎవరు నమ్ముతారు? చీటీ మాట నమ్ముతారు."

నవ్వుతూ లేచి వెళ్ళిపోయాడు. అందులో కోపం లేదు. కోపం ఉంటే గడియారం ఎదురు తిట్టేవాడు.

*

ఇంట్లో నడవా సన్నగా ఉంటుంది. ఒకరు నడుస్తుంటే ఇంకొకరు దాటలేరు. అత్తగారికి ఎనభై మూడు. గోడ పట్టుకుని స్నానాల గదికి వెళ్ళడానికి ఆమెకు నాలుగు నిమిషాలు. ఆ సంగతి అతనికి తెలుసు, కొలిచాడు కాబట్టి. పొద్దున పనికి వెళ్ళే తొందరలో ఆమె వెనక నిలబడి నాలుక చప్పరించేవాడు. ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. మర్యాదస్తుడు. చప్పరింపు మాటకిందికి రాదని అతని ఉద్దేశం.

బుధవారం పొద్దున ఆమె ముందుంది. అతను వెనక వచ్చాడు. ఈసారి చప్పరించలేదు. ఊరికే నిలబడ్డాడు. అయినా ఆమెకు అడుగుల చప్పుడు వినబడింది. ఆమె వెంటనే గోడకు అతుక్కుపోయి, పొట్ట లోపలికి లాక్కుని, తల పక్కకు తిప్పింది.

"వెళ్ళు బాబూ, వెళ్ళు. నీకు ఆలస్యమవుతుంది."

"ఫరవాలేదత్తయ్యా. మీరు వెళ్ళండి."

ఆమె కదల్లేదు. నమ్మలేదు. అతను దాటే దాకా అలాగే నిలబడింది. ఎన్నాళ్ళుగా ఇలా నిలబడుతోందో అతను చూసుకోలేదు. చేసేది లేక ఒక పక్కగా ఒదిగి దాటాడు.

వంటింట్లో భార్య రొట్టె కోస్తోంది.

"ఏమిటి, ఇవాళ గడియారం నెమ్మదిగా నడుస్తోంది?" అంది.

అతను కూర్చున్నాడు. చెప్పాడు. ఆరూ ముప్పై నాలుగు గురించి, చీటీ గురించి, మంగళవారం ఆయన వెనక్కి తిరిగి చూడడం గురించి. చెప్పడానికి ఆట గురించి కూడా కొంత చెప్పాల్సి వచ్చింది. ఆమె కత్తి పక్కన పెట్టి విన్నది.

"గడ్డి తిరిగి పెట్టడం తప్పా?" అంది చివరికి.

"కాదు. పెట్టాలనే నియమం."

"నియమం పాటించినాయనకి శిక్ష. పాటించని మీకు కుర్చీ. బాగుంది మీ ఆట." రొట్టె ముక్క అతని పళ్ళెంలో పెట్టింది. "తినండి. తిన్నాక వెళ్ళి చెప్పిరండి. నా దగ్గర చెబితే ఏం లాభం? నాకు ఆ బంతి ఎంతుంటుందో కూడా తెలియదు."

"కుర్చీ పోతుందేమో."

"పోతే ఇంట్లో కుర్చీలు లేవా?" అని, కాసేపటికి మళ్ళీ అంది, "ఇంట్లో కూర్చుంటే మాత్రం అమ్మ వెనక నిలబడకండి."

ఆమెకూ తెలుసన్న మాట.

*

మేడ మీద డాక్టరుగారి గదికి ముందు ఒక బల్ల, పాత పత్రికలు. ఎవరూ లేరు. డాక్టరు తలుపు తీసి అతన్ని చూసి, "రండి రండి, ఏ పన్ను?" అన్నారు. అతను కాదని చెప్పేలోపే కుర్చీలో పడుకోబెట్టి, మొహం మీదికి దీపం లాగారు.

"పన్ను కాదండి."

"అందరూ అలాగే అంటారు. నోరు తెరవండి."

తెరిచాడు. డాక్టరు చిన్న అద్దం పెట్టి చూశారు. ఇక్కడ ఆయనకు తొందర లేదు. పై వరుస చూశారు, కింది వరుస చూశారు. వెనక పంటి దగ్గర ఆగి, గాలి కొట్టి, మళ్ళీ చూశారు. మైదానంలో పోయిన ఆ మనిషి ఇక్కడ అలాగే ఉన్నారు. గడియారం చెయ్యెత్తి అద్దం పక్కకు తోశాడు.

"ఆ రోజు ఆలస్యం మీది కాదండి," అన్నాడు దీపం కింద పడుకునే. "నేను మధ్యలో ఒక గుంపును దూర్చాను. ఆరూ ముప్పై నాలుగుకి. చీటీలో రాయలేదు. వాళ్ళ వల్లే. అధ్యక్షులవారు అడిగితే మీ పేరు చెప్పాను. మీ పేరు చెబితే నమ్ముతారని చెప్పాను."

డాక్టరు దీపం ఆర్పారు. వెళ్ళి చేతులు కడుక్కున్నారు. చాలాసేపు కడుక్కున్నారు. తుడుచుకున్నారు. స్టూలు మీద కూర్చున్నారు.

"చిత్రంగా ఉందండీ," అన్నారు. "ఈ పది రోజులూ నిద్ర పట్టనప్పుడల్లా ఆ రోజు ఆటంతా మళ్ళీ ఆడుకున్నాను. ఒక్కో గుంట. ఎక్కడ ఆలస్యం చేశానా అని. దొరికింది కూడా. ఏడో గుంట దగ్గర రెండుసార్లు వంగాను. పన్నెండో దగ్గర కర్ర మార్చాను. నలభై నిమిషాలకూ లెక్క సరిపోయింది." చేతుల వైపు చూసుకున్నారు. "ఇప్పుడు మీరు వచ్చి అది అక్కడ లేదంటున్నారు. మరి నాకు దొరికిందేమిటి?"

"మీరు కాస్త నెమ్మదేలెండి," అన్నాడు గడియారం, అదొక ఓదార్పు అన్నట్టు. "పద్ధెనిమిది గుంటలకీ కలిపి పదకొండు నిమిషాలు."

"కొలిచారా?"

"నా పని అదే కదండి."

"పదకొండేనా?" డాక్టరు తల ఊపారు. నవ్వబోయి మానుకున్నారు. "పదకొండు నిమిషాలకి పదకొండేళ్ళుగా తాబేలన్నారు నన్ను."

"కమిటీకి చెబుతానండి. శనివారం మీది మీకు వస్తుంది."

"శనివారం వస్తుంది. మా వాళ్ళకి నాలుగో మనిషి దొరికాడు కదా." లేచి పత్రికలు సర్దారు. సర్ది ఉన్నవాటినే. "మీ వెనక పన్నుకి పుచ్చు ఉంది. అది మాత్రం నిజం. వచ్చే వారం రండి."

*

సెక్రటరీ మొదట నవ్వాడు. తర్వాత తలుపు మూశాడు.

"మానిపోయిన పుండుని మీరెందుకు గోక్కుంటారండీ? మూడు నెలలెంత, ఇట్టే అయిపోతాయి."

"చీటీ దిద్దాలండి."

"సిరా పడ్డాక దిద్దకూడదని మీరేగా అంటారు!"

"దిద్దనండి. కింద రాస్తాను."

రాశాడు. ఆరూ ముప్పై నాలుగు, నలుగురు, చీటీలో లేకుండా పంపబడ్డారు, పంపినవాడు నేను. కింద సంతకం. బావమరిది మాట రాయలేదు. ఆ మాట రాస్తే తన తప్పు సగం అక్కడికి పోతుంది. పోనివ్వదలుచుకోలేదు. సెక్రటరీ అది చదివి గట్టిగా ఊపిరి వదిలాడు. అంత హాయిగా ఊపిరి వదిలిన మనిషిని గడియారం ఆ మధ్యకాలంలో చూడలేదు.

మర్నాడు గోడ మీద నోటీసు లేదు. ఎందుకు తీశారో ఎవరూ చెప్పలేదు. కాబట్టి ముసలాయన మీద జాలితో వదిలేశారని అనుకున్నారు. గోడ మీది నోటీసు ఊడింది గానీ నోళ్ళలోని మాట ఊడలేదు. గడియారాన్ని గదిలోంచి తీసేసి, కాలినడకన మైదానం చుట్టూ తిరిగే పనికి వేశారు. కుర్చీలో ఇంకెవరో కూర్చున్నారు.

శనివారం ఏడు గంటలకు అతను మొదటి గుంట దగ్గర నిలబడి, ఆ ముగ్గురూ ఇన్సూరెన్సు ఏజెంటూ వచ్చాక, అందరూ వినేలా సంగతంతా చెప్పాడు. బట్టల కొట్టు ఆసామి చేతి తొడుగు విప్పి మళ్ళీ తొడుక్కున్నాడు. లెక్కల మేష్టారు నేల చూశారు.

"అయితే బావది తప్పు లేదంటారు," అన్నాడు డాక్టరుగారి బావ.

"లేదండి."

"మరి నేను ఆ పూట కారులో వాణ్ణి నానా మాటలూ అన్నానే!" మొహం రుద్దుకున్నాడు. "ఛ. ముందే చెప్పొద్దుటయ్యా? ఇప్పుడు ఈయన్ని పొమ్మని ఎలా అంటాం?"

ఇన్సూరెన్సు ఏజెంటు ఏమీ అర్థం కానివాడిలా నవ్వాడు. వేళయింది. గదిలో కొత్తగా కూర్చున్న మనిషి కేకేశాడు. నలుగురూ ముందుకు కదిలారు.

*

డాక్టరుగారు మంగళవారాలే వస్తున్నారు. శనివారం అక్కర్లేదన్నారు. ఒంటరిగా ఆడతారు. ఇంకా తొందరగానే ఆడతారు.

ఆ మంగళవారం గడియారం ఏడో గుంట పక్కన చెట్ల కింద నడుస్తున్నాడు. డాక్టరు కొట్టారు. పెళ్ళ ఎగిరింది. అలవాటుగా వెనక్కి తిరిగారు. ఈసారి వెనక మనిషి ఉన్నాడు. తొమ్మిదేళ్ళుగా తొందర చెయ్యడమే పనిగా పెట్టుకున్న మనిషి. డాక్టరు చెయ్యెత్తి, క్షమించమన్నట్టు ఊపి, ఇంచుమించు పరుగందుకున్నారు. సంచితో రేడియో వెనక ఉరికాడు.

"నెమ్మదిగా!" అని గడియారం అరిచాడు. అతని గొంతులో ఆ మాట ఎప్పుడూ లేదు. దూరాన వినేవాడికి అది ఎలా వినబడిందో, డాక్టరు ఇంకా తొందరపడ్డారు.

అప్పుడు అర్థమైంది. ఈ మనిషికి తను చెయ్యగలిగింది ఒక్కటే. కనబడకుండా పోవడం.

ఎనిమిదో గుంట దగ్గర నీళ్ళ మోటారు గది ఉంది. దాని వెనక్కి వెళ్ళి, గోడకు వీపు ఆనించి నిలబడ్డాడు. సిమెంటు గోడ వేడిగా ఉంది. దెబ్బ వినబడింది. వద్దనుకుంటూనే లోపల లెక్క మొదలైంది. ఒకటి, రెండు, మూడు. రెండో దెబ్బ వినబడింది. తర్వాత అడుగుల చప్పుడు రావాలి. రాలేదు. ఏడు, ఎనిమిది, తొమ్మిది. రేడియో గొంతు ఏదో అంది. డాక్టరు గొంతు ఏదో అంది. పదకొండు, పన్నెండు. తొంగి చూడాలని ఉంది. చూస్తే తను వాళ్ళకు కనబడతాడు. చూడలేదు.

మాటలు దూరమయ్యాక కూడా చాలాసేపు ఆగి బయటికి వచ్చాడు.

రెండు చోట్ల నేల లేచి ఉంది. ఒక పెళ్ళ పడ్డచోటే వెల్లకిలా పడి ఉంది. రెండోది తిరిగి దాని గుంటలో ఉంది. కొంచెం వంకరగా, ఒక అంచు పైకి లేచి. ఇదివరకైతే ఆ అంచు లేచి ఉండేది కాదు. దాన్ని అతను ముట్టుకోలేదు.

మొదటి దాన్ని తీసి దులిపాడు. మోకాలి మీద కూర్చుని గుంటలో పెట్టాడు. కుదరలేదు. తిప్పి పెట్టాడు. వేలితో అంచులు నొక్కాడు. పన్నెండు సెకన్లు ఎప్పుడో దాటాయి. తనకు పని రాదు, అందుకే ఇంతసేపు.

"ఏమండోయ్!" వెనక నుంచి ఎవరో కేక వేశారు. "మధ్యలో కూర్చున్నారేమిటి? జరగండి, మేము కొట్టాలి!"

అతను ఉలిక్కిపడి వెనక్కి తిరిగి చూశాడు. నలుగురు, కర్రలు భుజాన వేసుకుని, ఎండలో నిలబడి ఉన్నారు.

"అయిపోయిందండీ," అన్నాడు. చెయ్యెత్తి ఊపాడు. మళ్ళీ వంగాడు.